తప్పు ప్రయోగం

మా భవనంలో లిఫ్టు పీకేసిన వేసవిలో మా డైనింగ్ టేబుల్‌కి కుర్చీలు లేకుండా పోయాయి. మా ఆయన వారాల తరబడి నిలబడి భోంచేశారు. ఈ రెండిటికీ సంబంధం ఉంది. మధ్యలో ఒక అగ్నిప్రమాదం, ఒక ఎర్ర పెన్ను, నేను చేసిన ఒక తప్పు ఉన్నాయి. అగ్నిప్రమాదం నిజం కాదు. తప్పు మాత్రం నిజమే.

మాది నాలుగో అంతస్తు. అంతస్తుకి పద్దెనిమిది చొప్పున డెబ్బై రెండు మెట్లు. అంతకు పదకొండు నెలల ముందు మా అత్తగారు ఆ మెట్ల మీద, రెండో అంతస్తు దగ్గర జారి పడ్డారు. తొడ ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, అతికింది. ఇంట్లో చేతికర్ర కూడా లేకుండా తిరుగుతారు. ఏదైనా మాడిన వాసన వస్తే ఆవిడ తన గదిలోంచి పొయ్యి దగ్గరికి వచ్చే వేగం చూసినవాళ్ళు ఆ కాలు విరిగిందంటే నమ్మరు. కానీ గుమ్మం దాటరు. ఆ పదకొండు నెలల్లో మూడుసార్లు, డాక్టరు దగ్గరికి, చక్రాల కుర్చీలో లిఫ్టు ఎక్కి దిగారు. మెట్ల మీద ఒక్క అడుగు వెయ్యలేదు. వ్యాయామాలు చేయించడానికి వచ్చే అమ్మాయి చివరి రోజున నన్ను పక్కకి పిలిచింది. కాలు బాగానే ఉందనీ, వానలు పడేలోగా మెట్లు మొదలుపెట్టకపోతే మాత్రం ఇక ఆ కాలు మాట వినదనీ చెప్పింది. ఆ సంగతి నేను మెల్లిగా అత్తగారి చెవిన వేశాను. నా కాలు నా మాట వినడం మానేస్తే అప్పుడు చూద్దాంలే అన్నారు.

ఆవిడ ముప్ఫై మూడేళ్ళు బడిలో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక దిద్దడానికి నోటు పుస్తకాలు లేక దినపత్రిక మీద పడ్డారు. పొద్దున్నే ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటే మొదటి పేజీ మొదలు ఆటల పేజీ దాకా ఒత్తులు, దీర్ఘాలు, అతకని వాక్యాలు ఏవీ తప్పించుకోవు. ఆ తరవాతే పత్రిక మా చేతికొచ్చేది. దేశంలో ఏం జరిగిందో తెలియకపోయినా దాన్ని ఎంత తప్పుగా రాశారో మాకు తెలిసేది.

లిఫ్టు పాతదైపోయింది, మారుస్తాం, పది వారాలు పడుతుంది అని ఆ వేసవి మొదట్లో కింద నోటీసు అంటించారు. నేను ఫోనులో ఫోటో తీసుకొచ్చి చూపించాను. "మీ అసౌకర్యమునకు చింతిస్తున్నాము" అన్న వాక్యంలో చింత ఒక్కటే సరిగ్గా ఉందన్నారు అత్తగారు.

మా ఆయన రైళ్ళకి టైం టేబుల్ తయారుచేసే ఆఫీసులో పనిచేస్తారు. జీవితంలో ఒక్క రైలూ నడపలేదు గానీ ఏది ఎప్పుడు బయల్దేరాలో అన్నిటికీ ఆయనే చెబుతారు. ఇంట్లోనూ అంతే. నోటీసు చూసిన వారంలోనే ఆయన ఊరికి ఆ చివర కింది అంతస్తులో ఇల్లు ఒకటి చూసొచ్చారు.

"రేపు ఏదన్నా అయితే అమ్మని ఎవరు దింపుతారు?" అన్నారు నాతో.

ఆయన క్యాలెండరులో వానలకి ముందు ఒక తేదీ చుట్టూ గుండ్రంగా గీత గీశారు. ఆ రోజుకి అమ్మ మెట్లు దిగితే సరే, లేకపోతే ఇల్లు మారడమే. అత్తగారు ఆ గుండ్రాన్ని చూశారు. తన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రెండు రోజులు ఊరికే కూర్చున్నారు. ఆ ఇంట్లో ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా ఉంటున్నారు. ఆ ఇల్లంటే నాకూ ఇష్టమే, నన్నెవరూ అడగలేదు గానీ.

*

సరిగ్గా అప్పుడే పిచ్చుక వచ్చింది. పిచ్చుక అంటే మా ఆడపడుచు. ఆవిడకి పేరు ఉంది, సర్టిఫికెట్లలో తప్ప ఎక్కడా వాడరు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. హాస్టలుకి రంగులేస్తున్నారని వేసవి మూడు నెలలూ మా ఇంట్లో ఉండటానికి రెండు పెట్టెలతో డెబ్బై రెండు మెట్లూ ఎక్కి వచ్చింది. ఒక పెట్టెలో బట్టలు. రెండో పెట్టెలో, ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునే కళ్ళద్దాలకి పెద్దన్నయ్యలా ఉన్న ఒక వస్తువు. అది కళ్ళకి తగిలించుకుంటే మనం ఉన్న గది మాయమై ఇంకో చోట ఉంటాం. వర్చువల్ రియాలిటీ అంటారట.

ఏం పరిశోధన అని అత్తగారు అడిగారు. భవనం తగలబడుతున్నప్పుడు మనుషులు ఏం చేస్తారనేది అని చెప్పింది.

"పరిగెత్తుతారు. దీనికి నాలుగేళ్ళు చదవాలిటే?"

"పరిగెత్తరమ్మా. అదే గోల."

నిజం భవనాన్ని తగలబెట్టి చూడలేరు గనక, కంప్యూటరులో ఒక ఆఫీసు భవనం కట్టి, మనుషుల్ని పిలిచి ఆ కళ్ళద్దాలు తగిలించి, బెల్లు మోగించి, పొగ వదిలి, వాళ్ళు ఏం చేస్తారో చూస్తారు. మెట్లు దిగడానికి పట్టే సమయం అందరికీ ఇంచుమించు ఒకటేనట. తేడా అంతా బెల్లు మోగిన క్షణానికీ మొదటి అడుగు పడ్డ క్షణానికీ మధ్యలో ఉంటుందట. ప్రాణాల మీదికి తెచ్చేది అదేనట. ఇది విన్నాక నేను అత్తగారి వైపు చూడకుండా ఉండటానికి కూరగాయలు తరగడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఆ మధ్య సమయం అప్పటికి పదకొండు నెలలు.

మొదట నా మీద ప్రయత్నించింది. కళ్ళద్దాలు పెట్టగానే నేను ఒక బల్ల ముందు కూర్చుని ఉన్నాను. బల్ల మీద కంప్యూటరు, ఒక చేతిసంచి, పక్కన ఫ్యాను. ఉద్యోగం చేస్తే ఇలా ఉంటుందన్నమాట అనుకుంటూ ఉండగా బెల్లు మోగింది. తలుపు కింది నుంచి పొగ. నేను కంగారు పడలేదు. చేతిలో ఉన్న మీటలు నొక్కుతూ కంప్యూటరు ఆపాను. ఫ్యాను ఆపాను. కుర్చీ బల్ల కిందికి తోశాను. చేతిసంచి భుజానికి తగిలించుకున్నాను. తలుపు దాకా వెళ్ళి, గుర్తొచ్చి వెనక్కి వచ్చి లైటు ఆర్పాను. అప్పుడు బయల్దేరాను.

కళ్ళద్దాలు తీసేసరికి పిచ్చుక నన్ను జాలిగా చూస్తోంది.

"డెబ్బై ఒక్క సెకన్లు వదినా. పొగలో నిలబడి లైటు ఆర్పావు."

"ఖాళీ గదిలో లైటు ఎందుకు?"

బడిలో బెల్లు కొడితే ముప్ఫై మూడేళ్ళూ తన క్లాసు అర నిమిషంలో ఖాళీ అయ్యేదని అత్తగారు లోపలి గదిలోంచి చెప్పారు. అది ఇంటికెళ్ళే బెల్లు కాబట్టి అని పిచ్చుక గొణిగింది. అప్పుడది నవ్వులాటకి అన్న మాట. తరవాత చాలా రోజులు నాకు గుర్తుండిపోయింది.

ఆ తరవాత వారం నా గొంతు కావాలంది. భవనంలో బెల్లు తరవాత ఒక ప్రకటన వినిపించాలి. వాళ్ళ గైడు గారు రాసిచ్చిన కాగితం తెచ్చింది. "భవనమునందు అగ్నిప్రమాదము సంభవించినందున యెల్లరు నిష్క్రమించవలెను" అని ఉంది. నిష్క్రమించడం నాటకాల్లో రాజులు చేస్తారు, మామూలు మనుషులు బయటికి పోతారు అన్నాను. సరే నువ్వే మామూలుగా చెప్పు అంది. చప్పుడు దూరని చోటు కావాలని నన్ను చీరల అల్మరాలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. ఆ ఎండల్లో, పట్టుచీరల మధ్య, చెమట కక్కుతూ ఆరుసార్లు చెప్పాను. ప్రమాదం ఉంది, సామాన్లు వదిలేయండి, మెట్ల మీదుగా బయటికి వెళ్ళండి. ఆరిట్లో బాగున్నవి రెండు ఏరుకుని పిచ్చుక కంప్యూటరులో పెట్టుకుంది. నా గొంతు మొత్తానికి ఉద్యోగంలో చేరింది.

*

అయిదు వారాలు గడిచాయి. లిఫ్టు ఉన్నచోట నాలుగంతస్తుల లోతు గొయ్యి, దానికి అడ్డంగా చెక్కలు. పాలు, కూరలు, గ్యాసు సిలిండరు అన్నీ మెట్ల మీదే. క్యాలెండరులో గుండ్రం దగ్గర పడుతోంది. మా ఆయన అట్టపెట్టెలు తెచ్చి ఒక మూల పేర్చారు. అత్తగారు వాటి పక్కనుంచే తిరిగేవారు, అవి అక్కడ లేనట్టు.

పిచ్చుక మొహం కూడా రోజురోజుకీ చిన్నదైపోతోంది. అరవై నలుగురు మనుషులు వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళారు. లెక్క కుదరడం లేదు. అదే భవనం, అదే పొగ, అదే ప్రకటన. సగం మంది చెప్పగానే సంచి వదిలేసి లేచిపోతున్నారు, మిగతా సగం నాలాగే బల్ల సర్దుతున్నారు. ఆడా మగా, చిన్నా పెద్దా, ఎలా విడదీసి చూసినా తేడా ఎందుకో దొరకడం లేదు. కారణం చెప్పలేకపోతే ఇదంతా పారేసి మళ్ళీ మొదలుపెట్టాలని గైడు గారు అన్నారట. వేసవి అయిపోగానే ఆ కళ్ళద్దాలు ఇంకో కాలేజీకి వెళ్ళిపోతాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక టేబుల్ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంటే అత్తగారు వచ్చి నిలబడ్డారు.

"ఏదీ, ఆ గంతలు ఇలా ఇవ్వు."

ఎడం చేత్తో టేబుల్ అంచు పట్టుకుని, కుడి చేతిలో మీట పట్టుకుని నిలబడ్డారు. కళ్ళద్దాల్లో ఆవిడకి ఏం కనిపిస్తోందో మాకు కంప్యూటరు మీద కనిపిస్తోంది. బెల్లు మోగింది. నా గొంతు వినిపించింది. ఆవిడ సంచి వైపు చూడనైనా చూడలేదు. తలుపు తీసి, వరండా దాటి, మెట్ల దగ్గరికి వచ్చారు. అక్కడ ఒక్క క్షణం ఆగారు. నేను కంప్యూటరు వదిలేసి ఆవిడ కాళ్ళ వైపు చూశాను. మీట నొక్కితే చాలు, కాలు కదపక్కర్లేదు. అయినా ఆవిడ మా గచ్చు మీద నిలబడి ఒక్కో మెట్టుకీ ఒక్కో కాలు ఎత్తి దించుతున్నారు. ఆపరేషనైన కాలు కూడా. మూడంతస్తులు అలా దిగారు. పిచ్చుక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయటి తలుపు తెరుచుకుంది, వెలుతురు, ధన్యవాదాలు అన్న అక్షరాలు. అంతే.

అత్తగారు వెనక్కి తిరిగారు. మళ్ళీ ముందుకి. మళ్ళీ వెనక్కి.

"పైకి ఎటు వెళ్ళాలి?"

"పైకెందుకమ్మా, అక్కడితో అయిపోయింది."

"అయిపోవడమేంటి. దిగిన మనిషి మళ్ళీ ఎక్కొద్దా? దిగడానికి మాత్రమే మెట్లు కట్టినవాడెవడే?"

కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆవిడ మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే బెదిరి ఉన్నారు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ పంతులమ్మ అయిపోయారు.

"ఇంకోటి. అది తప్పు ప్రయోగం."

పిచ్చుక ఏడుపు అందుకుంది. తనకీ తెలుసనీ, గైడు గారూ అదే అంటున్నారనీ, నాలుగేళ్ళూ గంగపాలైనట్టేననీ ఏకబిగిన చెప్పుకుపోతోంది. అత్తగారు చెయ్యెత్తి ఆపారు.

"నీ ప్రయోగం సంగతి నాకేం తెలుసు. నేనంటున్నది మాట ప్రయోగం. అమ్మాయ్, అది నీ గొంతే కదూ? బయటికి వెళ్ళి రండి అన్నావు. మంటల్లోంచి పోయేవాళ్ళని మళ్ళీ రమ్మంటావా?"

నేను అలా అనలేదన్నాను. అన్నావన్నారు. పిచ్చుక కంప్యూటరులో ఉన్న రెండు రికార్డింగులూ పెట్టింది. ఒకదాంట్లో బయటికి వెళ్ళండి. రెండోదాంట్లో, చీరల మధ్యలోంచి, కొంచెం అలసిపోయిన గొంతుతో, బయటికి వెళ్ళి రండి.

మన నోటికి వెళ్ళండి అన్న మాట రాదు. గుమ్మం దాటే మనిషి వెళ్తున్నా అనడు, వెళ్ళొస్తా అంటాడు. సాగనంపే మనిషి వెళ్ళు అనదు, వెళ్ళి రా అంటుంది. పెళ్ళైన పందొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్న మా ఆయనకి చెబుతున్న మాటే, ఆరోసారి అలిసిపోయి, అరవై నలుగురిలో సగం మందికి చెప్పాను. ఆ ప్రోగ్రాము ఫోల్డరులో ఎన్ని రికార్డింగులుంటే వాటిలోంచి మనిషికొకటి తీసుకుంటుందట. రికార్డు చేసిన పిల్లకీ వినపడలేదు, పలికిన నాకూ వినపడలేదు. ఎర్ర పెన్నుకి వినపడింది.

పిచ్చుక కళ్ళు తుడుచుకోకుండానే పట్టికలు తెరిచింది. ఎవరికి ఏ రికార్డింగు వెళ్ళిందో పక్కపక్కన పెట్టింది. కాసేపు టైపు చేసింది. తరవాత కుర్చీలో వెనక్కి వాలి నా వైపు చూసింది. వెళ్ళి రండి అని విన్నవాళ్ళు సగటున పదకొండు సెకన్లు ముందు లేచారు. చాలామంది సంచి ముట్టుకోలేదు. లైటు ఒక్కరూ ఆర్పలేదు.

*

మర్నాడు నేను యూనివర్సిటీకి వెళ్ళి గైడు గారికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన సన్నగా, గడియారంలో ముల్లులా ఉంటారు. రికార్డింగు మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నారు. అరవై నాలుగుసార్లూ పక్కనే ఉన్నాను, నాకెలా వినపడలేదమ్మా అన్నారు. రోజూ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వినే మాట కదండీ అన్నాను. ఒక తప్పుని నమ్ముకుని ఏమీ చెప్పలేం, కాబట్టి ఈ తప్పుని ఇప్పుడు కావాలని చేసి ఇంకో నలభై మందిని చూద్దామన్నారు. వేసవి అయ్యేలోపు అయిపోతుందట. పిచ్చుక మొహం విప్పారింది. మళ్ళీ అల్మరాలోకి పద వదినా అంది.

నేను మాత్రం అక్కడ కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను. కళ్ళద్దాలు తీశాక ప్రతి మనిషినీ కొన్ని ప్రశ్నలు అడుగుతారు. సంచి ఎందుకు తీసుకోలేదు అన్నదానికి ఒకావిడ, నాలాంటి మనిషే అయివుంటుంది, ఇలా రాసింది: మళ్ళీ వస్తాను కదా అనిపించింది.

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఏడాదిగా మేమందరం అత్తగారికి దిగడం భయమనుకున్నాం. ఆవిడ నిన్న దిగిన తీరు చూస్తే దిగడానికి భయపడే మనిషి కాదు. దిగితే ఎక్కలేనేమో అని ఆవిడ భయం. కిందికి దిగి, మళ్ళీ తన ఇంటికి రాలేక, ఎవరో ఒకరు ఎత్తుకుని తీసుకెళ్ళే సామానైపోతానేమో అని. మా ఆయన చేత్తో గీసిన ఆ గుండ్రం చెబుతున్నది కూడా అదే. వెళ్ళండి. రమ్మని ఎవరూ అనలేదు.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ కుర్చీలు నాలుగూ మోసుకెళ్ళాను. మూడో అంతస్తులో ఒకటి, రెండో అంతస్తులో ఒకటి, మొదటి అంతస్తులో ఒకటి, కింద గేటు పక్కన ఒకటి. పిచ్చుక చూసి, మెట్ల దారికి సామాను అడ్డం పెట్టకూడదు, నా థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం అదే అంది. టేపు తెచ్చి కొలిచి, కిటికీల కింద గోడలోకి ఉన్న ఖాళీల్లోకి జరిపించింది. అప్పటికి శాంతించింది.

భోజనాల వేళ అత్తగారు టేబుల్ చూశారు.

"కుర్చీలేవి?"

"మెట్ల దగ్గర ఉన్నాయి."

"ఎందుకు?"

"కూర్చోడానికి."

ఆవిడ నన్ను రెండు క్షణాలు చూసి, కంచం తీసుకుని తన మంచం మీద కూర్చున్నారు. మా ఆయన నిలబడి తిన్నారు. ఇదేం ఏర్పాటని అడిగారు. రైలు ఎక్కినా స్టేషన్లు ఉంటాయి కదా అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో గానీ రెండో రోజు నుంచి అడగలేదు.

మర్నాడే ఇంకో చిన్న పని చేశాను. పొద్దున్న వచ్చిన పత్రికని ఇంట్లోకి తేకుండా మూడో అంతస్తు కుర్చీలో పెట్టాను. పద్దెనిమిది మెట్లు. పత్రిక ఏదని అడిగితే కుర్చీలో ఉందన్నాను. అత్తగారు తలుపు దాకా వెళ్ళారు. గుమ్మంలోంచి వంగి చూశారు. పైపేజీ శీర్షికలో ఉన్న తప్పు అంత దూరం నుంచి కూడా కనిపించి ఉంటుంది. ఎర్ర పెన్ను చేతిలో అటూ ఇటూ తిప్పారు. వెనక్కి వచ్చేశారు. ఆ రోజు పత్రిక అక్కడే ఉండిపోయింది. మర్నాటిదీ, ఆ మర్నాటిదీ. నేను తీయలేదు, ఆవిడ అడగలేదు. ఇద్దరిలో ఎవరం మొండివాళ్ళమో తేలలేదు. క్యాలెండరులో గుండ్రానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

*

ఆ గురువారం పదకొండు గంటలకి నేను పొయ్యి మీద పాలు పెట్టాను. పిచ్చుక యూనివర్సిటీలో, మా ఆయన ఆఫీసులో. లిఫ్టు గొయ్యిలో పనివాళ్ళు ఇనుప పట్టాలు అతుకుతున్నారు. బెల్లు మోగింది.

మా భవనానికి అలాంటి బెల్లు ఉందన్న సంగతి కూడా నాకు గుర్తులేదు. తలుపు తీసి చూస్తే మెట్ల దగ్గర సన్నగా పొగ, ఇనుము కాలిన వాసన. ఈ సబ్జెక్టులో నాకున్నంత పరిజ్ఞానం ఆ భవనంలో ఇంకెవరికీ లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపాను. అది సరే. తరవాత పాల గిన్నె మీద మూత పెట్టాను. తాళం చెవి కోసం వెతికాను. ఫ్యాను ఆపాను. లైటు దగ్గరికి వెళ్తున్నాను.

"అమ్మాయ్."

అత్తగారు గుమ్మంలో ఉన్నారు. చెప్పులు వేసుకుని, పైట బొడ్లో దోపుకుని.

"ఆ లైటు వదిలెయ్. నలభై లెక్కపెట్టాను."

నేను పరుగున వచ్చాను. ఆవిడ గుమ్మం దాటి మొదటి మెట్టు దగ్గర నిలబడ్డారు. చెయ్యి కమ్మీ మీద ఉంది. కాలు కదల్లేదు. పక్కింటివాళ్ళు మమ్మల్ని దాటుకుని దిగిపోయారు. పొగ కళ్ళకి తగులుతోంది.

"నువ్వు వెళ్ళు," అన్నారు అత్తగారు.

నాకు చాలా మాటలు వచ్చి ఉండాల్సింది. ధైర్యం చెప్పే మాటలు, బతిమాలే మాటలు. ఒక్కటీ రాలేదు. నోటికి అలవాటైనదే వచ్చింది.

"వెళ్ళొద్దాం, అత్తయ్యా."

ఆవిడ నా వైపు చూశారు. అది తప్పో ఒప్పో తూచుతున్నట్టు చూశారు. మంచి కాలు ముందు దించారు. తరవాత రెండోది.

మూడో అంతస్తులో పత్రికల దొంతర దాటాం. రెండో అంతస్తు దగ్గర ఆవిడ కమ్మీని రెండు చేతులా పట్టుకున్నారు. నేను వెనకనుంచి చీర చెంగు పట్టుకున్నాను, దానివల్ల ఏమీ ఉపయోగం లేకపోయినా. ఆవిడ ఆగలేదు. కింద గేటు దాటి ఎండలోకి వచ్చేసరికి భవనంలో జనమంతా అక్కడే ఉన్నారు. ఒకాయన చేతిలో టీవీ రిమోటు. మొదటి అంతస్తు టైలరు మెడలో కొలతల టేపు, చేతిలో ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు. నా చేతిలో పాల గిన్నె మూత. మూత మళ్ళీ ఎప్పుడు తీశానో ఇప్పటికీ తెలియదు. అత్తగారి చేతిలో ఎర్ర పెన్ను.

మంటలేమీ లేవు. వెల్డింగు పొగకి బెల్లు మోగిందని పనివాళ్ళ మేస్త్రీ వచ్చి చెప్పాడు. పావుగంటకి అందరూ నవ్వుకుంటూ ఎక్కేశారు. మేమిద్దరం గేటు పక్కన మిగిలాం. అత్తగారు మా డైనింగ్ కుర్చీలో కూర్చుని భవనాన్ని కింద నుంచి పైకి చూశారు. ఏడాది తరవాత తన కాళ్ళ మీద దిగి వచ్చి తన కిటికీని బయటి నుంచి చూస్తున్నారు. అద్దాలు తుడవడం లేదా అన్నారు. తుడుస్తానన్నాను.

ఎప్పుడు లేస్తారో నేను అడగలేదు. ఆవిడే లేచారు. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో నా భుజం. మొదటి అంతస్తులో కూర్చున్నారు. కాలు చాపి తొడ రుద్దుకున్నారు. మంచినీళ్ళు తెస్తానంటే, నువ్వు పైకి వెళ్తే నాకు తోడెవరు, ఆ మూత ఎలాగూ తెచ్చావు, టైలరు ఇంట్లో నీళ్ళు పోయించుకురా అన్నారు. మూతలో నీళ్ళు తాగారు. రెండో అంతస్తులో కుర్చీ ఉన్నా కూర్చోలేదు. తను పడ్డ మెట్టుని చెప్పు కాలితో రెండుసార్లు తట్టి చూసి దాటేశారు. మూడో అంతస్తులో కూర్చున్నారు. పక్కనే మూడు రోజుల పత్రికలు. అన్నిటికన్నా పాతది తీసి ఒళ్ళో పెట్టుకుని పెన్ను మూత తీశారు.

మా ఆయన వచ్చేసరికి మేం అక్కడే ఉన్నాం. ఎవరో ఫోను చేశారట, ఆఫీసు నుంచి పరుగెత్తుకుని వచ్చారు. చొక్కా తడిసిపోయింది. మూడంతస్తులూ ఎక్కొచ్చి, తల్లిని చూసి, కిందకి దిగావా అని అడిగారు. ఇంక నడవొద్దు, నేను ఎత్తుకుంటానన్నారు.

అత్తగారు పత్రికలోంచి తలెత్తలేదు.

"స్టేషన్లో ఆగిన రైలుని ఎవరైనా మోస్తారుట్రా? ఈ పేజీ అయ్యాక బయల్దేరుతుంది."

ఆయన ఒక మెట్టు మీద కూర్చున్నారు. నేను ఇంకో మెట్టు మీద కూర్చున్నాను. అత్తగారు పేజీ చివరిదాకా దిద్దారు. ఆ తరవాత ఆవిడ లేచి ఆఖరి పద్దెనిమిదీ ఎక్కారు. మధ్యలో ఎక్కడ ఆగారో, ఎన్నిసార్లు ఆగారో మా ఆయనకి గుర్తుండే ఉంటుంది. వెనకే ఒక్కో మెట్టూ ఎక్కుతూ, గడియారం మాత్రం చూసుకోలేదు.

ఆ సాయంత్రం ఆయన ఎవరికో ఫోను చేసి ఆ ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చుకోమన్నారు. అట్టపెట్టెలు పాత పేపర్లవాడు తీసుకెళ్ళాడు. పిచ్చుక వచ్చి జరిగిందంతా విని, నాకు ఎన్ని సెకన్లు పట్టిందని మాత్రం అడిగింది. నలభై అని అత్తగారు చెప్పారు. మెరుగైంది అని రాసుకుంది. దాని రెండో విడత మనుషులు కూడా మొదటివాళ్ళలాగే చేశారు. అయితే మంటల్లోంచి పోయేవాళ్ళని వెంటనే రమ్మన్నట్టు వినిపించకూడదని గైడు గారికి బెంగ. అత్తగారు ప్రకటన దిద్ది ఇచ్చారు. "ఇప్పుడు వెళ్ళండి, తరవాత వద్దురుగాని." థీసిస్ చివర కృతజ్ఞతల్లో నా గొంతుకీ, అత్తగారి చెవికీ చెరో వాక్యం ఉంది. అత్తగారు తన వాక్యంలో ఒక దీర్ఘం దిద్దారు.

కుర్చీలు కొత్త లిఫ్టు వచ్చేదాకా అక్కడే ఉన్నాయి. అలవాటైపోయి మా ఆయన ఇప్పటికీ ఒక్కోసారి నిలబడే తింటారు. పత్రిక మూడో అంతస్తు కుర్చీలోనే పడుతోంది, ఆ సంగతి నేను మళ్ళీ కదపలేదు. ఆ గుండ్రం గీసిన తేదీ రోజు పొద్దున్న వంటింట్లో ఉంటే, తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. చూస్తే అత్తగారు గుమ్మంలో ఉన్నారు. ఏడాదిగా ఆ గుమ్మంలో నిలబడి మా అందరినీ సాగనంపిన మనిషి.

"పత్రిక తెచ్చుకోవాలి. వెళ్ళొస్తా," అన్నారు.

పొయ్యి మీద పాలున్నాయి. నేను కదల్లేదు.

"వెళ్ళి రండి," అన్నాను.

ఈసారి ఆవిడ దిద్దలేదు.